గోడవారన బకెట్టు

పదకొండో భాగం

అక్క ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడ్చే మనిషికి మంచినీళ్లు ఇవ్వొచ్చు, వీపు నిమరొచ్చు, ఊరుకోవే అని కసరొచ్చు. ఏడవని మనిషితో ఏం చెయ్యాలో ఎవరూ నేర్పరు. పొద్దున్న ఎనిమిదింటికి తలుపు తట్టి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "మీ బావ ఒప్పేసుకుంటాడట" అంది అక్క, గ్యాసు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. అప్పటినుంచీ ఆ మాట చెల్లెలికి పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. బస్సులో తగిలింది. ల్యాబు మెట్లెక్కుతుంటే తగిలింది. ఇప్పుడు పరీక్షల గది ముందు నిలబడి తలుపు తియ్యాలా వద్దా అని ఆమె అనుకుంటుంటే మళ్లీ తగిలింది.

ఒప్పుకోవడానికి అక్కడ ఏముందని?

పద్దెనిమిది రోజుల కిందట బావ పనిచేసే ఫ్యాక్టరీలో, వేడి చేసి ప్రెస్సు కింద నొక్కి తయారుచేసిన అల్యూమినియం హబ్బు ఒకటి బలం పరీక్షిస్తుండగా పగిలింది. బస్సు చక్రం మధ్యలో ఉండే భాగం అది. పెచ్చు ఎగిరి, తనిఖీ చేసే మనిషి ఎడమ కంట్లో దిగింది. కన్ను దక్కలేదు. హబ్బును కోసి చూస్తే, లోపల ఇసుకలా సన్నగా ఉండాల్సిన లోహపు గింజలు ఉలవలంత లావెక్కి ఉన్నాయి. అలాంటి చోట లోహం పగుళ్లకు తేలిగ్గా లొంగుతుంది. ఎందుకు లావెక్కాయో తేల్చమని ఫ్యాక్టరీవాళ్లు ఆమె దగ్గరికే వచ్చారు. ఎంత వేడిలో, ఎంత వేగంగా, ఎంత నొక్కితే లోపలి గింజలు ఏమవుతాయో చెప్పే కంప్యూటర్ మోడల్ ఆమె పదమూడేళ్ల కష్టం. గింజల్ని చూపిస్తే అది వెనక్కి నడిచి, వేడి ఎంతుందో కూడా చెబుతుంది. చెప్పింది. కొలిమి వేడి ఉండాల్సినదానికన్నా ముప్ఫై డిగ్రీలు ఎక్కువ.

ఆ కొలిమి చూసేది బావ.

బావ వాదించే మనిషి కాదు. పోయిన ఆదివారం ఆమె ఎదురుగా కూర్చుని, కాలిన మచ్చలున్న చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, వేడి తను పెంచలేదని, ఆ రోజు రోలర్లను తిప్పే గొలుసు పట్టేసి, ముక్క ప్రెస్సులోంచి వచ్చాక నీళ్ల తొట్టి దాకా పోకుండా రోలర్ల మీదే ఆగిపోయిందని చెప్పబోయాడు. పూర్తిగా చెప్పనివ్వలేదు ఆమె.

"ఆగడం లెక్కలోకి రాదు బావా. జరగాల్సిందంతా ప్రెస్సు కిందే జరిగిపోతుంది."

అతను తలూపాడు. పెద్దచదువులవాళ్ల మాటకు తలూపినట్టే ఊపాడు. కొలిమి వేడిని గీసే కాగితం మీద గీత సరిగ్గానే ఉంది గానీ, ఆ కాగితం మార్చేదీ బావే కాబట్టి దాన్నెవరూ లెక్కచెయ్యలేదు. పైగా బావ అబద్ధాలంటే ఇంటిల్లిపాదికీ ఆటవిడుపు. తినకుండానే తిన్నానంటాడు. సిగరెట్లు మానేశానని ఒట్టేసి గొడుగు మడతల్లో దాస్తాడు. వాన పడ్డ రోజు నడిరోడ్డు మీద అక్క పక్కన గొడుగు తెరిచి దొరికిపోతాడు. "ఇంట్లో ఎన్నైనా చెప్తాను గానీ కొలిమి దగ్గర మాత్రం చెప్పను" అని తనే అందర్నీ నవ్వించేవాడు. ఇప్పుడా మాట ఎవరికీ నవ్వు తెప్పించలేదు. నమ్మకమూ తెప్పించలేదు.

నాలుగు రోజులుగా మాటాపలుకూ లేకుండా ఉన్నాడట. నిన్న సాయంత్రం స్నానం చేసి వచ్చి, తువ్వాలు ఆరేస్తూ అక్కతో అన్నాడట: "వేడి నేనే పెంచానని రాసిచ్చేస్తాను. మీ చెల్లెలి లెక్క తప్పవడం కంటే నేను తప్పవడం తేలిక." ఫ్యాక్టరీలో విచారణ ఈ రోజు నాలుగింటికి. ఒకసారి రాసిచ్చాక ఉద్యోగం ఒక్కటే పోదు. మనిషి కన్ను పోయింది కాబట్టి కేసూ నడుస్తుంది, జైలూ ఉండొచ్చు. ఆమె సంతకంతో నివేదిక కూడా అదే నాలుగింటికి అక్కడికి చేరాలి.

"నువ్వు నమ్ముతున్నావా అక్కా, బావ పెంచాడని?"

పొద్దున్న ఆమె ఇలా అడిగితే అక్క వింతగా చూసింది. "నువ్వు చెప్పాక నేను నమ్మకపోవడమేంటే?" అని, వెళ్లడానికి తిరిగి, "ఇంకొక్కసారి చూడు. తప్పుంటుందని కాదు. చూశావని నాకు నేను చెప్పుకోడానికి" అంది. వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆమె చెయ్యి పరీక్షల గది తలుపు మీద ఉంది. గడప దాటే ముందు మనిషి మనసు అటూఇటూ తిరుగుతుంది, పిల్లి పడుకునే ముందు తిరిగినట్టు. ఆ మోడల్ జవాబు తెర మీద కనపడ్డ క్షణాన తనకు మొట్టమొదట కలిగింది బాధ కాదు. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకు తను కూడా సగమే చెప్పుకుంది. అమ్మ పోయినప్పుడు ఆమెకు పదేళ్లు. అక్క పెళ్లి చేసుకుని వెళ్తూ ఆమెనూ వెంట తీసుకెళ్లింది. ఆ ఇంట్లో ఉన్నదే ఒక కుర్చీ. దాన్ని బావ కిటికీ దగ్గర వేసి, ఆమె చదువుకోడానికిచ్చి, తను పన్నెండేళ్లు తలుపు పక్కన పీట మీద కూర్చుని అన్నం తిన్నాడు. ఒక్కసారైనా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదేమో. చెడు చేసినవాణ్ని ఏదో ఒకరోజు క్షమించెయ్యొచ్చు; నోరెత్తకుండా మంచి చేసిన మనిషి ఎదుట జీవితమంతా తలొంచుకు నిలబడాలి. ముప్ఫై డిగ్రీలు అని అంకె పడగానే, లోపలెక్కడో ఒక చిన్న ఊపిరి వదులైంది. ఆహా, ఈయనా తప్పు చేస్తాడు.

ఆమె తలుపు తోసింది.

పరీక్షల గదిలో కాలిన గ్రాఫైటు వాసన, తడి గోనెసంచి వాసన. మధ్యలో ప్రెస్సు, దాన్ని చుట్టుకుని చిన్న కొలిమి, గోడకు పాత పంకా. ప్రెస్సు నడిపే ఆయన్ని ల్యాబంతా బాబాయ్ అనే పిలుస్తుంది. చాటుగా పటకారు అంటారు, చేతిలో పటకారు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు గనక. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"దారి తప్పావా అమ్మాయ్? నీ కంప్యూటర్ పైఅంతస్తులో ఉంది."

ఒక పరీక్ష మళ్లీ చెయ్యాలంది ఆమె. ఫ్యాక్టరీ హబ్బుకు వాడిన మిశ్రమ లోహమే, అదే వేడి, అదే వేగం. ఎందుకని ఆయన అడగలేదు. డబ్బాలోంచి వేలి కణుపంత ముక్క తీసి, ప్రెస్సుకు అంటుకోకుండా రెండు చివర్లకూ నల్లటి గ్రాఫైటు పూసి, దిమ్మె మీద నిలబెట్టి, కొలిమి తలుపు మూశాడు. వేడెక్కడానికి అరగంట. ఈలోగా ఆయన తన మోకాలి గురించి, మోకాలి డాక్టరు మోకాలి గురించి చెప్పాడు. ఆమె వింటున్నట్టు తలూపింది. బావ తనకు తలూపినట్టే.

పదమూడేళ్లుగా ఈ గది నుంచి ఆమెకు వచ్చేవి చిన్న చిన్న డబ్బాల్లో ముక్కలు, వాటితో మడత పెట్టిన ఒక ఫారం. ముక్కల్ని పాలిష్ చేసి, యాసిడ్లో ముంచి, మైక్రోస్కోప్ కింద పెడితే లోపలి గింజల హద్దులు బయటపడేవి. ఆమె లెక్కపెట్టేది. లెక్కలోంచి గీత, గీతలోంచి సమీకరణం, సమీకరణంలోంచి మోడల్. వేడి లోహం నలిగి నలిగి లోపల ఎలా సర్దుకుంటుందో, ఎక్కడ ఓర్చుకుంటుందో, ఎక్కడ ఓర్చుకోలేక పాత గింజల మధ్యలోంచి కొత్త గింజల్ని కంటుందో ఆమె చెప్పగలదు. కానీ ముక్క నలిగే క్షణాన అక్కడ నిలబడి చూడాల్సిన అవసరం ఎప్పుడూ కలగలేదు. వేడి పడదు ఆమెకు. మనుషుల కబుర్లూ పడవు.

ప్రెస్సు దిగింది. ముక్క సగానికి అణిగి చిన్న బిళ్లయింది. ప్రెస్సు లేచింది. బాబాయ్ తలుపు తెరిచి, పటకారుతో బిళ్లను పట్టుకుని, దిమ్మె అంచుకు టక్కుటక్కుమని రెండుసార్లు కొట్టాడు, అంటుకున్న గ్రాఫైటు రాలడానికి. వెలుగులో తిప్పి చూశాడు. వంకర పోలేదని తృప్తిపడ్డాడు. అప్పుడు వెనక్కి తిరిగి, కుంటుతూ, గదికి అడ్డంగా ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరడుగులు వేసి, గోడవారన ఉన్న నీళ్ల బకెట్టులో దాన్ని పడేశాడు.

సుయ్యిమంది.

అడుగులు తను లెక్కపెట్టినట్టు ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఎప్పుడూ ఇంతసేపు పడుతుందా బాబాయ్?"

"దేనికి?"

"ప్రెస్సులోంచి తీసి నీళ్లలో వెయ్యడానికి."

"ఇంతసేపేంటి, గబగబానే వేశాగా. మహా అయితే ఎనిమిది లెక్కపెట్టేంత. మోకాలు బాగున్న రోజుల్లో వంగి చూస్తూ వేసేవాణ్ని, అప్పుడూ అంతే."

"బకెట్టు అక్కడెందుకుంది?"

అది చెప్పడానికి ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మొదట్లో బకెట్టు ప్రెస్సు పాదం దగ్గరే ఉండేదట. తలుపు తియ్యగానే ముక్కను అందులోకి జార్చెయ్యడమే. నీళ్లు చింది నేలంతా జారుడు. ఒకరోజు పాలిషింగు చేసే ఆవిడ డబ్బా తీసుకోడానికి వచ్చి, కాలు జారి పడి, తుంటి విరిగింది. మళ్లీ పనిలోకి రాలేదు. ఆవిడ చెప్పుల్లో ఒకటి మూడు రోజులు ప్రెస్సు కిందే ఉండిపోయిందట, ఎవరూ తియ్యలేక. ఆ వారమే బకెట్టును గోడ దగ్గరికి జరిపి, కింద గోనె పరిచాడు. అప్పటినుంచి ఈ గదిలో ఎవరూ పడలేదు. ఈ మాట ఆయన కాస్త గర్వంగానే అన్నాడు.

"ఎప్పుడు జరిపారు?"

"మా పెద్దదాని పెళ్లయిన ఏడు. నువ్వు చేరిన కొత్తల్లోనే. నీవి మూడో నాలుగో ముక్కలు చేశాక." వేళ్ల మీద లెక్కపెట్టి, "మూడు" అన్నాడు.

మూడు.

ఆమె గోడకు ఆనుకుంది. "ఇది ఎక్కడా రాయలేదు మీరు" అంది. గొంతులో తనకే నచ్చని పదును. "పదమూడేళ్లు, బాబాయ్. ఒక్క ఫారం మీదైనా రాయలేదు."

ఆయన లేచి, బల్ల సొరుగులోంచి ఖాళీ ఫారం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. వేడి. వేగం. ఎంత అణిగింది. ఎందులో చల్లార్చారు: నీరు, గాలి. నాలుగు గళ్లు.

"ఏ గడిలో రాయను? చూపించు. ఈ ఫారం నువ్వు చేసిందే."

ఆమె ఫారాన్ని పక్కకి జరిపింది.

"పైకొచ్చి చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? బకెట్టు జరిపానని చెప్పడానికి పైఅంతస్తు ఎక్కాలా? అది ఇంత విషయమని నాకేం తెలుసు. తెలిసినదానివి నువ్వు." ఆయన గొంతు పెంచలేదు. "పదమూడేళ్లలో ఈ గడప ఎన్నిసార్లు తొక్కావమ్మాయ్?"

పంకా తిరుగుతోంది. దాని రెక్కకు పట్టిన దుమ్ము ఒక్కోసారి చిన్న పోగై రాలుతోంది. ఆమె బకెట్టు దగ్గరికి నడిచింది. నీలం రంగు, పిడికి గుడ్డ చుట్టిన మామూలు బకెట్టు.

ప్రెస్సు పైకి లేచాక లోహం ఊరికే పడుంటుందని తను అనుకుంది. దెబ్బ ఆగితే అంతా ఆగుతుందని. కానీ వేడి ఉన్నంతసేపూ ఏదీ ఆగదు. నలిగిన చోటల్లా లోపల కొత్త గింజలు పుడుతూ, పెరుగుతూ, పక్కవాటిని మింగుతూ ఉంటాయి. నీళ్లలో పడ్డాకే ఆ పని నిలిచిపోతుంది, అప్పటి రూపం అప్పటికి బిగిసిపోతుంది. ఆమె పదమూడేళ్లు మైక్రోస్కోప్ కింద చూసింది ప్రెస్సు చేసిన పనిని కాదు. ప్రెస్సు చేసిందీ, ఆ తర్వాత ఒక ముసలాయన ఆరడుగుల నడకలో జరిగిందీ, రెండూ కలిపి. ప్రతి ముక్కా అదే ఎనిమిది సెకన్లు నడిచింది కాబట్టి, అందరి ముఖాన ఒకే మచ్చ ఉన్న ఇంట్లో ఆ మచ్చ ఎవరికీ కనపడనట్టు, మోడల్‌కు ఆ సమయమే కనపడలేదు. కనపడనిదాన్ని అది లేదంది. ఆగడం లెక్కలోకి రాదంది. కాదు, అది అనలేదు. తను అంది.

ఎనిమిది సెకన్లకే ఇంత జరిగితే, రోలర్ల మీద ఆగిపోయిన హబ్బులో ఎంత జరిగి ఉండాలి?

"నా చేత్తో చేసిన ముక్కలన్నీ దండగేనా?" అన్నాడు బాబాయ్. ఆయన ఈసారి బకెట్టు వంక చూడలేదు. తన చేతుల వంక చూసుకుంటున్నాడు. "మొత్తం ఆరొందల పైనే చేశాను."

దండగ కాదంది ఆమె. ముక్కలన్నీ నిజమేనని, వాటి పక్కన రాయాల్సింది ఒకటి రాయలేదని, అంతేనని. ఆయనకు ఆ ఓదార్పు చాలినట్టు లేదు. అయినా ఆమె ఇంకోసారి చేద్దామంటే మారుమాట లేకుండా లేచాడు. బకెట్టును ఆమే మోసుకొచ్చింది. బరువుకు నీళ్లు తొణికి చీర కుచ్చిళ్లు తడిశాయి. ప్రెస్సు పాదం దగ్గర, పదమూడేళ్ల కిందటి చోట పెట్టింది.

"జారతావ్, దూరంగా నిలబడు" అన్నాడాయన.

ఈసారి తట్టలేదు, తిప్పి చూడలేదు. తలుపు తియ్యడం, జార్చడం. సుయ్యిమనడానికి ముందు ఒక్క సెకను కూడా లేదు.

రెండు ముక్కల్నీ తీసుకుని పైకి వెళ్లి, తలుపేసుకుని, తనే పాలిష్ చేసింది. అక్కడ తొందరపడితే గీతలు పడతాయి. గీతలు పడితే మళ్లీ మొదటికొస్తుంది. అయినా వేళ్లు తొందరపడ్డాయి, ఒకసారి మళ్లీ మొదటికొచ్చింది. మైక్రోస్కోప్ మీద వంగేసరికి గడియారం రెండున్నర దాటింది.

గోడ దాకా నడిచిన ముక్క ఆమెకు చిరపరిచితం. గుండ్రటి కొత్త గింజలు, అంతటా, పొంగిన నురగలా. రెండోదాంట్లో అవేవీ లేవు. పాత గింజలే, అణిగి, పొడుగ్గా సాగి, ఒకదానిమీదొకటి మడత పెట్టిన బట్టల్లా ఉన్నాయి.

ఈ బొమ్మ కూడా ఆమెకు చిరపరిచితమే.

ఆమె లేవలేదు. లేస్తే ఏం చెయ్యాలో తెలుసు కాబట్టి కాసేపు లేవలేదు. తర్వాత బీరువా తెరిచి, కింది అర వెనక చెయ్యి పెట్టి, వెతకనక్కర్లేకుండానే ఒక ఖాళీ పౌడరు డబ్బా పైకి తీసింది. అందులో దూదిలో చుట్టి మూడు ముక్కలు. ఆమె ఈ ల్యాబులో చేయించిన మొదటి మూడు. మిగతావన్నీ గ్రాఫులో ఒక గీత మీద బుద్ధిగా కూర్చుంటే, ఇవి మాత్రం ఎక్కడో కింద, గుంపులో కలవని చుట్టాల్లా దూరంగా ఉండేవి. అప్పుడామెకు ఇరవై ఐదేళ్లు. ల్యాబు పెద్దాయన గ్రాఫు చూసి, చేత్తో చేసే పనిలో ఇలాంటివి మామూలేనని, తీసెయ్యమని చెప్పాడు. తీసేసింది. గీత అందంగా వచ్చింది. డాక్టరేటు వచ్చింది. ఐదు ఫ్యాక్టరీలు ఆ మోడల్ కొన్నాయి.

తీసేసినవాటిని పారెయ్యాలి కదా? ఇల్లు మారినప్పుడు పెళ్లి ఫోటోలే పోగొట్టుకున్న మనిషి, మూడు పనికిరాని ముక్కల్ని దూదిలో చుట్టి పదమూడేళ్లు ఎందుకు దాచింది? ఏమీ తెలియనిదాన్ని ఎవరూ అంత జాగ్రత్తగా దాచుకోరు. లోపల ఒకరికి తెలుసు. ఆ ఒకరు నోరు విప్పకుండా పీట మీద కూర్చున్నారు, అంతే.

ఒక ముక్క మైక్రోస్కోప్ కింద పెట్టింది. మడత పెట్టిన బట్టలు. ఈ రోజు ముక్కకు కవల.

మూడుంపావుకు పెద్దాయనే ఫోన్ చేశాడు, నివేదిక ఇంకా కదల్లేదేమని. ఆమె చెప్పింది. బకెట్టు, ఆరడుగులు, మూడు ముక్కలు, అన్నీ. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అదే ఆయన పద్ధతి. విన్నాక ఎంతో నెమ్మదిగా, ఇది మంచి పరిశీలనేనని, వచ్చే ఏడు దీనిమీద ఒక పేపరు రాయొచ్చని అన్నాడు. కానీ ఈ రోజు పంపాల్సింది ఈ రోజు పంపాలని, ఆ మోడల్ మీద ముగ్గురి డాక్టరేట్లు, ఐదు ఫ్యాక్టరీల పని నిలబడి ఉన్నాయని గుర్తుచేశాడు. చివర్లో, ఆ కొలిమి అతను తనే ఒప్పుకుంటున్నాడని విన్నానని, అతనికి లేని బాధ ఆమెకెందుకని అడిగాడు.

ఆయన గొంతులో దుర్మార్గం ఏమీ లేదు. దానికే భయమేసింది ఆమెకు. పోయిన ఆదివారం బావతో మాట్లాడిన తన గొంతు కూడా అచ్చం ఇలాగే, ఇంత నెమ్మదిగానే ఉంది.

ఫోన్ పెట్టేసింది. బల్ల మీద నివేదిక ఉంది. పదకొండు పేజీలు, చివరి పేజీ అడుగున ఆమె పేరు, పేరు మీద సంతకానికి ఖాళీ. సంతకం చేస్తే, పదమూడేళ్లు ఉన్నచోట ఉంటాయి. బావ ఎలాగూ రాసిచ్చేస్తున్నాడు. అక్క ఎలాగూ నమ్మేసింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అందరూ మెల్లగా చల్లబడతారు, ఏ రూపంలో ఉన్నవాళ్లు ఆ రూపంలో బిగిసిపోతారు. చెయ్యకపోతే, తను రేపటినుంచి ఎవరో తనకు తెలియదు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, చేతిలో ఒక పౌడరు డబ్బా.

ఇంకో మాట కూడా ఉంది, అది ఇంకా చలి పుట్టించేది. ఈ మూడు ముక్కలు మోడల్ తప్పని చెబుతాయి గానీ బావ ఒప్పని చెప్పవు. హబ్బు ఎంతసేపు ఆగిందో తెలిస్తేనే, ఆ గింజలు వేడి పెంచకుండా అంత లావెక్కగలవో లేదో తేలుతుంది. ఎంతసేపు ఆగిందో తెలిసినవాడు బావ ఒక్కడే. ఆ ఒక్క ప్రశ్న పద్దెనిమిది రోజుల్లో ఎవరూ అడగలేదు. చెప్పబోతే తను ఆపింది.

గడియారంలో మూడూ నలభై రెండు. ఆమె బావ నంబరు నొక్కింది. ఆరుసార్లు మోగింది.

"ఆఁ, చెప్పమ్మా." వెనక ఎక్కడో టైపు చేస్తున్న చప్పుడు. "ఆఫీసు వరండాలో ఉన్నాను. ఇంకా పిలవలేదు. మీ అక్క పంపించిన డబ్బాలో అన్నం తిన్నాను."

తినలేదని ఆమెకు తెలుసు.

"బావా, ఆ రోజు ముక్క ప్రెస్సులోంచి బయటికొచ్చాక, నీళ్లలో పడేదాకా ఎంతసేపు ఆగింది?"

టైపు చప్పుడు వినపడింది. ఆమె ఇంకేమీ కలపలేదు. కలిపితే అది మళ్లీ తన మాటే అవుతుంది.

"అది లెక్కలోకి రాదన్నావుగా" అన్నాడు చివరికి. నిష్ఠూరంగా కాదు. గుర్తుచేస్తున్నట్టు.

"అన్నాను."

"మరి?"

"తప్పు చెప్పాను బావా."

అవతల కుర్చీ కిర్రుమంది. నిలబడ్డాడో, కూర్చున్నాడో. "ఎంతసేపో చెప్తే, గొలుసు ఎందుకు పట్టేసిందో కూడా చెప్పాలి" అన్నాడు. గొంతు తగ్గించాడు. "అది చెప్పకూడదనే కదా వేడి పెంచానని రాసిద్దామనుకున్నది. ఇందులో ఇంకో మనిషి ఉన్నాడు."

దూరంగా తలుపు తెరుచుకున్న చప్పుడు. ఎవరో బావను లోపలికి రమ్మని పిలుస్తున్నారు. రెండోసారి పిలిచారు.

ఆమె నివేదిక చివరి పేజీని తిరగేసింది. వెనక తెల్లగా ఉన్న చోట స్కేలు ఆనించి, పైనుంచి కిందికి ఒక గీత గీసింది. ఫారంలో లేని ఐదో గడి. దాని తల మీద 'ఎంతసేపు ఆగింది' అని రాసి, కింద ఖాళీలో పెన్ను ఆనించి, ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని కూర్చుంది.

"వెళ్లకు బావా. ముందు నాకు చెప్పు" అంది. "వింటున్నాను."